ఆలస్యంగా రాసిన పద్దు

సాయంత్రం ఆరున్నర. మదనపల్లె టమోటా మార్కెట్లో వేలంపాటలు ఎప్పుడో ముగిశాయి, లారీలు ఊరు దాటిపోయాయి. మండీలో నేనూ, ఫ్యానూ, గల్లాపెట్టె మిగిలాం. కంప్యూటర్ లెక్క ప్రకారం ఉండాల్సిన నగదు కంటే గల్లాలో 2,700 రూపాయలు తక్కువగా ఉంది. ఉద్యోగంలో చేరి అది పదకొండో రోజు. నలభై ఆరేళ్ల వయసులో చేరిన మొదటి ఉద్యోగం.

మూడుసార్లు లెక్కపెట్టాను. చేతులు వణికాయి. అప్పుడు ఎప్పుడో చిన్నప్పుడు మా నాయన అన్న మాట గుర్తొచ్చింది. "తేడా తొమ్మిదితో తెగిందంటే డబ్బు యాడికీ పోలేదు పాపా. అంకెలు చోటు మారినాయి, అంతే." 2,700ను తొమ్మిదితో భాగించాను. సరిగ్గా 300. వోచర్లు ఒక్కొక్కటే తిరగేస్తే దొరికింది. హమాలీలకు ఇచ్చిన 6,300ను 3,600 అని కొట్టాను. పక్కపక్క అంకెలు రెండు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిది గుణకమే అవుతుంది. ఇంకో చిట్కా కూడా ఆయనే చెప్పాడు. తేడాను సగం చేసి, ఆ సగం మొత్తం పుస్తకంలో ఎక్కడైనా కనిపిస్తే, ఒక వైపు రాయాల్సింది రెండో వైపు పడిందేమో చూడమని.

నాయన కుప్పంలో ఒక టోకు అంగట్లో గుమస్తా. ఆంధ్ర, తమిళనాడు, కర్ణాటక మూడూ ఒరుసుకునే చోటు అది. యజమాని తమిళంలో తిట్టేవాడు, బేరగాళ్లలో సగం మంది కన్నడంలో గీచిగీచి బేరమాడేవాళ్లు, చిట్టా మాత్రం తెలుగులో ఉండేది. పైన 'శ్రీ' చుట్టనిదే కలం కదిలేది కాదు. జరిగింది జరిగిన వరసలో చిట్టాలో రాసి, రాత్రి దీపం దగ్గర ఆవర్జాలోకి, ఎవరి పేరు కిందికి వాళ్లది ఎత్తేవాడు. తప్పు రాస్తే చెరిపేవాడు కాదు. ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాసేవాడు. "కింది అంకె కనపడాల. కనపడకుంటే ఏందో దాచినట్టు" అనేవాడు.

మా అమ్మకు కూడా ఒక లెక్క ఉండేది. తలుపు వెనక గోడ మీద బొగ్గుతో గీసిన పాలగీతలు. నాలుగు నిలువు, ఐదోది అడ్డం. నెలాఖరున పాలామె వస్తే ఇద్దరూ గోడ ముందు నిలబడి తేల్చుకునేవాళ్లు. ఒక్కనాడూ తగువు రాలేదు. పండగకు సున్నం కొడితే గీతలన్నీ కిందికి పోయేవి, మళ్లీ మొదలు. నాయన రాసేదాన్ని లెక్క అనేవాళ్లం. అమ్మ గీసేదాన్ని గీతలు అనేవాళ్లం. ఆ తేడా ఏ అంకెతో తెగుతుందో అప్పుడు ఎవరూ అడగలేదు.

పెళ్లై పుంగనూరు వచ్చాను. మనిషి నడుముకు మించని పొట్టి ఆవు పేరుతో దేశమంతా ఎరిగిన ఊరు. తక్కువ మేత తిని, వెన్న ఎక్కువుండే చిక్కటి పాలిస్తుందని ఆ ఆవు గురించి రాయనివాళ్లు లేరు. ఆ ఊరి కోడళ్ల గురించి ఎవరూ అలా రాసినట్టు లేదు.

అక్కడ ఇరవై నాలుగేళ్లు. ఇంటి పని, అత్తగారి మంచం పని, మా ఆయన చింతపండు వ్యాపారంలో తూకం చీటీలు, మధ్యలో డ్వాక్రా సంఘం. సంఘాలకు పంచసూత్రాలని ఉన్నాయి. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి చెల్లింపు, పుస్తక నిర్వహణ. మొదటి నాలుగూ అందరివి. ఐదోది ఇంటర్ దాకా చదివిన పాపానికి నా మీద పడింది. పదకొండేళ్లు మినిట్స్ పుస్తకం, పొదుపు పుస్తకం, అప్పుల పుస్తకం రాశాను. ఎవరి వాయిదా ఎందుకు తప్పిందో నాకు తెలుసు. ఒకామెకు కాన్పు, ఒకామెకు బోరు ఎండింది, ఒకామెకు మొగుడు. పుస్తకంలో మూడింటికీ ఒకే మాట, 'బకాయి'.

మా పాప బెంగుళూరులో చదువుకు చేరింది, చింతపండు వ్యాపారం సన్నగిల్లింది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక అందులో నమోదైన చిన్న అంగళ్లకూ లెక్క చూపాల్సి వచ్చింది. నెలనెలా దాఖలు చేసేవాళ్లకు పదకొండో తేదీకి ఒక రిటర్ను, ఇరవయ్యో తేదీకి ఇంకొకటి. రాసేవాళ్ల కోసం వెతుకుతున్నారని విన్నాను. మదనపల్లెకు బస్సెక్కి ట్యాలీ క్లాసులో కూర్చున్నాను. చుట్టూ ఇరవై ఏళ్ల పిల్లలు. "ఆంటీ, మీ పాప ఇంకా రాలేదా?" అని అడిగింది పక్క కుర్చీ అమ్మాయి.

ఆ పిల్లలు డెబిట్, క్రెడిట్ సూత్రాలు బట్టీ పట్టారు. నాకు బట్టీ వచ్చే వయసు దాటిపోయింది. డబ్బు వస్తే బ్యాంకు వాళ్లు మెసేజ్‌లో క్రెడిట్ అంటారు, ఇక్కడేమో డబ్బు వస్తే బ్యాంకు ఖాతాకు డెబిట్ రాయమంటారు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మూడో రోజు బస్సులో వెలిగింది. బ్యాంకు చెప్పేది దాని పుస్తకంలోంచి. నా డబ్బు దానికి అప్పు. ఆడపిల్లకు పెట్టిన సారె పుట్టింట్లో ఖర్చు, అత్తింట్లో రాబడి. చీర అదే. ఒక వస్తువుకు రెండిళ్లలో రెండు పేర్లుంటాయని కోడలైన ఏ మనిషికీ కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఈ డెబిట్, క్రెడిట్ పద్ధతిని మొదట అచ్చులో పెట్టిన లూకా పచోలీ అనే ఇటలీ సన్యాసి గురించి క్లాసులో సారు చెప్పాడు. 1494లో వెనిస్‌లో ఆయన పుస్తకం వచ్చేనాటికి ఆయనకూ ఇంచుమించు నా వయసే. దాన్ని ఆయన కనిపెట్టలేదు, వర్తకులు అప్పటికే రాస్తున్న తీరును పొందికగా చెప్పాడు. ముందు కచ్చా పుస్తకం, తర్వాత జర్నల్, ఆపైన లెడ్జర్. మొదటి పుస్తకం మీద శిలువ గుర్తు వేయమన్నాడట. నాయన 'శ్రీ' కళ్లముందు మెదిలింది.

ఇక మేం నేర్చుకునే ట్యాలీ, మన పక్క బెంగుళూరులో పుట్టిన సాఫ్ట్‌వేర్. ఆ ఇంగ్లీషు మాటకు పాత అర్థం, లెక్క కోసం గాట్లు పెట్టిన కర్ర. ఇంగ్లండు ఖజానాలో శతాబ్దాలు అలాంటి కర్రలే లెక్కలు. పనికిరావని 1834లో వాటిని పొయ్యిలో వేసి కాలిస్తే మంట ఎగిసి పార్లమెంటు భవనమే తగలబడింది. ఆ సంగతి విన్నప్పుడు క్లాసంతా నవ్వింది. నాకు తలుపు వెనక గోడ గుర్తొచ్చింది.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది ట్రయల్ బ్యాలెన్స్ పాఠం. రెండు వైపులా మొత్తాలు సమానమైతే లెక్క సరిపోయిందని సంబరపడతాం. అయినా లోపల తప్పులు ఉండొచ్చు. అందులో ఒకటి అసలు రాయకుండా వదిలేసిన పద్దు. రెండు వైపులా లేదు కాబట్టి రెండు వైపులా సమానమే. తేడా రాదు, తొమ్మిదితో భాగించడానికి అంకే ఉండదు. తప్పుగా రాసింది ఎప్పుడో ఒకప్పుడు అరుస్తుంది. రాయనిది ఎన్నటికీ అరవదు.

మండీలో అది రోజూ చూశాను. 2023 జులై ఆఖరున కిలో రెండొందల దగ్గరికి ఎగబాకిన టమోటా, రెండు నెలలు తిరక్కుండానే నేలకు దిగింది. ధర ఎగిరిన నెలలో ఒక రైతు ఖాతాలో నాలుగేళ్ల బాకీ నాలుగు లోడ్లకు తీరింది. ధర పడ్డప్పుడు కోతకూలి కూడా రాదని అదే రైతు తోటను కోయకుండా వదిలేశాడు. నా పుస్తకంలో దానికి పద్దు లేదు. మార్కెట్‌కు రాని కాయకు బిల్లు ఎక్కడిది? ఆ సాయంత్రం కూడా లెక్క పైసాతో సహా సరిపోయింది.

దేశం లెక్కా అంతే. 2019లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు అప్పట్లో రోజుకు సగటున 299 నిమిషాలు దానికే పెట్టారు. అదే పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు. ఆ పని జాతీయాదాయంలోకి రాదు. రాకపోయినా జాతీయాదాయం లెక్క తేలుతూనే ఉంది. మా ఇంట్లో ఇరవై నాలుగేళ్లు తేలినట్టే.

వదిలేసిన పద్దు కనపడితే ఏం చేయాలని సారును అడిగాను. "ఇవాళ్టి తేదీతో రాయండి మేడమ్. మూసేసిన ఏడాదిని తెరిచి పాత తేదీ వేయకూడదు. కింద నరేషన్‌లో సంగతేందో ఒక ముక్క రాయాల" అన్నాడు. ఆ జవాబు దగ్గర నా దుఃఖం ఒకటి తీరింది. 'ఇరవై ఏళ్ల కిందటే మొదలుపెట్టి ఉంటే' అని లోపల గొణిగేదాన్ని. అది పాత తేదీ వేయాలన్న ఆశ. ఆ ఏళ్లు మూసిన పుస్తకాలు. వాటిని దిద్దడానికి లేదు, లేవనడానికీ లేదు.

పోయిన నెల మదనపల్లెలోనే ఇంకాస్త పెద్ద చోట పని ఉందంటే దరఖాస్తు తెచ్చుకున్నాను. పాప సెలవుకు వచ్చి పక్కన కూర్చుంది. 'అనుభవం' అన్న గడిలో 5 అని రాశాను.

"సంఘం పుస్తకాలు పదకొండేళ్లు రాసినావు కదమ్మా. పదహారని రాయి."

"అప్పుడు దాన్ని ఉద్యోగమని నేనూ అనుకోలేదు, వాళ్లూ అనుకోలేదు. తేదీ మార్చకూడదు."

కింద 'ఇతర వివరాలు' అని నాలుగు గీతల ఖాళీ ఉంది. అక్కడ రాశాను. పుంగనూరులో మహిళా సంఘం పుస్తకాలు, పదకొండేళ్లు, జీతం లేదు. తూకం చీటీలు, ఇరవై ఏళ్లు, జీతం లేదు. కుప్పంలో తండ్రి దగ్గర చిట్టా, ఆవర్జా చూసి నేర్చుకున్నది. నాలుగో గీతలో, తల్లి దగ్గర గోడ మీద పాల లెక్క.

పాప చదివి నవ్వింది. "గోడ కూడా ఎందుకమ్మా?"

"నరేషన్ లేకుండా పద్దు రాయకూడదు" అన్నాను. సంతకం చేసి, ఆ రోజు తేదీ వేశాను.