విషవాణిజ్యమునకు నేటి అర్థము

ప్రతిక్రమణమునకు కూర్చున్న శ్రావకుడు తన వ్రతములలోని లోపములను ఒక్కొక్కటిగా స్మరించుచు పదిహేను కర్మాదానముల యొద్దకు వచ్చును. బొగ్గు కాల్చుట, అడవులు నరికించుట, బండ్లు చేయించి అమ్ముట, దంతము, లక్క, రసము, విషము మొదలగువానితో వర్తకము చేయుట - ఇవి శ్రావకునకు తగని జీవనోపాయములని ఉపాసకదశాంగ సూత్రములో ఆనంద శ్రావకుని వృత్తాంతమునందే చెప్పబడినది. హేమచంద్రాచార్యులు యోగశాస్త్రములో వీనిని మరల వివరించిరి. చదువుటకేమి, అందరును చదువుదురు. కాని విషవాణిజ్యము అను మాట వచ్చినపుడు నాలుక ఎక్కడను ఆగదు. బట్టల కొట్టు, బంగారు కొట్టు, పప్పుదినుసుల మండీ, మందుల షాపు నడుపుకొను ఇంటిలో విషము అమ్మువాడెవడు? అది ఏ పాతకాలపు పాపమో యని మనస్సు దానిని దాటిపోవును.

అట్లు దాటిపోవుటకు వీలులేని వస్తువు ఒకటి గత పదేండ్లలో ప్రపంచపు అంగళ్లలోనికి వచ్చినది. దానిని పాడ్ వేప్ అందురు. చూచుటకు పెన్‌డ్రైవ్ వలె ఉండును. లోపల చిన్న బ్యాటరీ. దానికి తగిలించు బుడ్డి వేరు. ఆ బుడ్డియే పాడ్. కర్మాగారములోనే రసము నింపి మూసి పంపుదురు. కొన్నవాడు దానిని తిరిగి నింపుకొనుటకు వీలులేకుండ చేయబడినది. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ అను రెండు ద్రవములు, ఏదో ఒక పరిమళము, నికోటిన్ - ఇదియే ఆ రసము. నోట పెట్టి పీల్చగనే సన్నని తీగచుట్ట వేడెక్కును. రసము ఆవిరియై ఊపిరితిత్తులలోనికి పోవును. నిప్పు లేదు, బూడిద లేదు, పొగాకు కంపు లేదు.

నిప్పు లేదు గనుక అగ్నికాయ జీవుల హింసయు లేదు గదా యని చమత్కరించువారు ఉండవచ్చును. విద్యుత్తు సచిత్తమా, అచిత్తమా అను చర్చ జైన సంప్రదాయములలో చిరకాలముగా నడచుచునే యున్నది. దానిని ఇక్కడ తేల్చనక్కరలేదు. ఇక్కడి ప్రశ్న తీగచుట్టను గూర్చినది కాదు, దానిని పీల్చువానిని గూర్చినది; అంతకంటె ఎక్కువగా, దానిని అమ్మువానిని గూర్చినది.

రసవాణిజ్యమని చెప్పబడినది మద్యము, తేనె, వెన్న మొదలగువాని వ్యాపారము. విషవాణిజ్యము వేరు పద్దు. ఈ బుడ్డి రెండు పద్దులలోను చేరును. రూపమున అది రసము. గుణమున, పొగాకు మొక్క తన్ను పురుగులు తినకుండుటకై ఆకులో దాచుకొన్న విషము. నికోటిన్ సల్ఫేటును ఒకప్పుడు పైరులమీద పురుగుమందుగా చల్లెడివారు.

అయినను దీని పుట్టుకలో దుర్బుద్ధి లేదని ఒప్పుకొనవలెను. 2003 ప్రాంతమున చైనాలో హాన్ లిక్ అను ఔషధశాస్త్రజ్ఞుడు నేటి ఈ-సిగరెట్టును కనిపెట్టెను. అతడు పొగ త్రాగువాడు. అతని తండ్రియు పొగ త్రాగి ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించెను. 2015 లో అమెరికాలో జూల్ అను పాడ్ పరికరమును అంగడికి తెచ్చిన ఆడమ్ బోవెన్, జేమ్స్ మాన్సీస్ అనువారును స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో చదువుకొనుచు, తమ సిగరెట్టుకు మారుగా ఏదైన దొరకునా యని వెదకినవారే. భావము మంచిదైనంతమాత్రమున క్రియ మంచిదగునా అను ప్రశ్న జైన శాస్త్రములకు కొత్తది కాదు.

జూల్ చేసిన కొత్తపని ఒకటి ఉన్నది. నికోటిన్‌కు బెంజోయిక్ ఆమ్లము కలిపి లవణముగా మార్చిరి. అందువలన ఘాటైన మోతాదు కూడ గొంతులో మెత్తగా దిగును. మొదటిసారి బీడీ పట్టిన కుర్రవాడు ఉక్కిరిబిక్కిరియై దగ్గును. ఆ దగ్గు శరీరము తనకు తాను పెట్టుకొన్న కావలి. ఎందరో ఆ కావలి వలననే రెండవ దమ్ము పీల్చక మానిరి. ఈ రసాయనము ఆ కావలివానిని నిద్రపుచ్చినది. 0.7 మిల్లీలీటరుల బుడ్డిలో నూటికి 5 పాళ్లు నికోటిన్. ఇంచుమించు ఒక సిగరెట్టు పెట్టెకు సమానమని కంపెనీయే చెప్పినది. మామిడి, కీరదోస, పుదీనా పరిమళములు తోడైనవి. 2019 నాటికి అమెరికాలో హైస్కూలు పిల్లలలో నూటికి 27 మందికి పైగా ఏదో ఒక ఈ-సిగరెట్టు పీల్చుచున్నట్లు అక్కడి ప్రభుత్వపు లెక్కలలో తేలినది. వీరిలో చాలమంది సిగరెట్టు మానుటకు దీనిని పట్టినవారు కారు. మానుటకు వారికి ముందు అలవాటే లేదు.

వర్తకుల కుటుంబములు శ్రద్ధగా చూడవలసినది ఈ వ్యాపారపు అమరికను. పరికరమును ఒకసారి కొందురు. అందులో లాభము స్వల్పము. లాభమంతయు బుడ్డిలో ఉన్నది, ఏలననగా బుడ్డి రెండు మూడు దినములలో అయిపోవును. ఇది గిల్లెట్ బ్లేడు వ్యాపారమే గదా, ఇందులో తప్పేమి అని అడుగుదురు. తప్పు ఎక్కడున్నదో ఆ పోలికయే చూపుచున్నది. గడ్డము బ్లేడు వలన పెరుగదు. ఆకలి బియ్యపు వ్యాపారి పుట్టించినది కాదు. లోకములో ముందే ఉన్న అక్కరను తీర్చి, దానికి తగిన లాభము తీసికొనుట న్యాయార్జనము. పాడ్ తీర్చు ఆకలిని పాడే పుట్టించినది. నిన్నటి బుడ్డి నేటి బుడ్డికి అక్కర కల్పించును, నేటిది రేపటికి. కొనువాడు అలవాటునుండి బయటపడిననాడు అమ్మువాని లెక్కపుస్తకములో ఒక నష్టము పడును. ఒకని విడుదల మరొకని నష్టముగా కట్టిన వ్యాపారము ఇది.

వైద్యుడును రోగము వలననే బ్రతుకుచున్నాడు గదా యని మరొక ఆక్షేపణ. నిజమే. కాని వైద్యుని కీర్తి రోగి తిరిగి రాకపోవుటలో ఉన్నది. నికోటిన్ చూయింగుగమ్ము పెట్టెలోని కాగితముమీద, ఇన్ని వారములకు ఇన్ని తగ్గించి మానవలెనని క్రమము వ్రాసియుండును. పాడ్ పెట్టెమీద అట్టి చివరి దినము ఎక్కడను లేదు.

ఇక అవతలి పక్షము. అనేకాంతవాదము నేర్చినవారు దానిని వినకుండ తీర్పు చెప్పరాదు. సిగరెట్టు ప్రాణము తీయునది ప్రధానముగా నికోటిన్ వలన కాదు, ఆకు కాలుట వలన పుట్టు తారు, విషవాయువుల వలన. ఆవిరిలో అవి లేవు, లేదా చాల తక్కువ. పొగ మానదలచినవారికి నికోటిన్ బిళ్లలు, అంటుపట్టీల కంటె నికోటిన్ గల ఈ-సిగరెట్టు ఎక్కువ తోడ్పడునని కోక్రేన్ సంస్థ సమీక్షలు 2022 నుండి గట్టిగా చెప్పుచున్నవి. నలుబది ఏండ్లుగా దినమునకు రెండు పెట్టెలు కాల్చినవాడు పాడ్‌కు మారి, దగ్గు తగ్గి, మెట్లు ఎక్కగలిగినచో అతనికి అది విషమనుట ఎట్లు? 2019 లో అమెరికాలో వేలమందికి వచ్చిన ఊపిరితిత్తుల వ్యాధిని కూడ చాలమంది ఈ బుడ్లమీదికే త్రోసిరి. పరిశోధింపగా దానికి ముఖ్య కారణము గంజాయి సారపు ద్రవములలో కలిపిన విటమిన్-ఇ ఎసిటేట్ అని తేలినది. సత్యవ్రతము పట్టినవాడు తనకు గిట్టని వస్తువును గూర్చియు అసత్యమాడరాదు.

కనుక ఒకే బుడ్డి ఒకనికి మందు, మరొకనికి ఉరి. ఎవనికి ఏది అగునో బుడ్డిలో లేదు; అది అమ్మెడు తీరులో ఉన్నది. ఈ వస్తువు భవిష్యత్తును గూర్చి ప్రభుత్వములు పడుచున్న తికమక అంతయు ఈ ఒక్క చిక్కులోనుండి పుట్టినది.

అమెరికాలో 2020 ఫిబ్రవరి నుండి పండ్ల పరిమళములు గల పాడ్‌లను ఆపిరి. వాడి పారవేయు పరికరములను విడిచిపెట్టిరి. పిల్లలు వెంటనే అటు మరలిరి. బ్రిటనులో ఇది తలక్రిందులైనది. అక్కడ 2023 నాటికి వారమునకు ఇంచుమించు 50 లక్షల పారవేయు వేప్‌లు చెత్తలో పడుచున్నవని అంచనా; ప్రతిదానిలోను తిరిగి ఛార్జి చేయదగిన లిథియం. 2025 జూన్ 1 నుండి వానిని నిషేధించిరి. పేరున్న కంపెనీలు అవే రంగులు, అవే పరిమళములతో, ఛార్జి చేయు కడ్డీకి నింపిన పాడ్ తగిలించి అదే అరలో పెట్టినవి. ఒకచోట పాడ్‌ను మూయగా పారవేయునది వచ్చెను. మరొకచోట పారవేయుదానిని మూయగా పాడ్ వచ్చెను. కట్టకు గండి పడినచోటనే నీరు పోవును. రసముమీద 2026 అక్టోబరు నుండి పన్ను వేయవలెనని బ్రిటను నిర్ణయించినది. ఆస్ట్రేలియా వేరు దారి పట్టి, 2024 జూలై నుండి వేప్‌లను మందుల షాపులకే పరిమితము చేసినది. అక్కడ దొంగచాటు వ్యాపారము మాత్రము ఆగలేదు.

డబ్బు భవిష్యత్తును గూర్చి ఒక్క మాట. 2018 డిసెంబరులో ఆల్ట్రియా అను సిగరెట్టు కంపెనీ జూల్‌లో నూటికి 35 వంతులు 1,280 కోట్ల డాలర్లకు కొన్నది. 2023 మార్చిలో ఆ వాటాను వదలుకొనుచు బదులుగా పొందిన హక్కుల విలువ ఇంచుమించు 25 కోట్ల డాలర్లు. లక్ష్మి చంచల యని పెద్దలు ఊరకనే అనలేదు. అయినను ఆ వస్తువు చావలేదు: జూల్ పొగాకు, మెంథాల్ పాడ్‌లకు 2025 జూలైలో అమెరికా అధికారులు అనుమతి ఇచ్చిరి. కంపెనీలు మునుగుచున్నను అలవాటు తేలుచునే యున్నది.

భారతదేశములో 2019 సెప్టెంబరు 18 న ఆర్డినెన్సు వచ్చినది. అదే డిసెంబరులో చట్టమైనది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకము, నిల్వ, ప్రకటన అన్నియు నేరములు. నిల్వ గాక తక్కినవానిలో మొదటి తప్పునకు ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండును. చిత్రమేమనగా, పీల్చువానికి ఈ చట్టమున శిక్ష లేదు, శిక్షయంతయు వర్తకునిదే. స్వయముగ చేయుట, చేయించుట, అనుమోదించుట అను మూడింటిని పాపముగా లెక్కించిన శాస్త్రము చదివినవారికి ఈ చట్టపు వరుస పరిచయమైనదిగా తోచును. ప్రకటన యనగా అనుమోదనము గాక మరేమి?

చట్టమే ఆపినది గనుక ఇక్కడి శ్రావకునకు చింత లేదనుకొనరాదు. బీడీ, సిగరెట్టు, అంతకంటె హెచ్చుగా చంపునవి, చట్టబద్ధముగా అదే వీధిలో అమ్ముడగుచున్నవి. గుంటూరులో 1976 నుండి పొగాకు బోర్డే ఉన్నది. పొగాకు వ్యర్థములనుండి నికోటిన్ తీసి విదేశములకు పంపు కర్మాగారములు ఈ దేశములోను కలవు. ఆ నికోటిన్ అక్కడ మానుటకు బిళ్లయగునో, పిల్లవాని జేబులో బుడ్డియగునో పంపువాడు ఎరుగడు. ఎరుగకుండుట ఎంతవరకు నిర్దోషము? వేప్‌ను నిందించి సిగరెట్టు పెట్టెను త్రాసులో తూచి యిచ్చు చేయి ఈ ప్రశ్నకు ముందు తానే నిలువవలెను.

సముద్రము దాటినవారి సంగతి మరింత చిక్కైనది. బ్రిటనులో వీధిమూల దుకాణములు నడుపువారిలో భారతీయ సంతతివారు అనేకులు. వారిలో జైనులును కలరు. లెస్టరు నగరములో 1988 లో జినాలయ ప్రతిష్ఠ జరిగినది. అట్టి ఒక దుకాణదారుని ఊహింపవచ్చును. పాలు, పత్రికలు అమ్మకము తగ్గినవి, అద్దె పెరిగినది, గల్లాపెట్టె వెనుక రంగురంగుల పాడ్‌ల అర మాత్రమే లాభము తెచ్చుచున్నది. చట్టము అనుమతించును. సిగరెట్టు మానదలచిన ముసలివాడు వచ్చి అడిగినపుడు, ఎప్పటిలోపల మానుదువని అతనిని అడిగి, నెలనెలకు తక్కువ నికోటిన్ గలది ఇచ్చి, అతడు రానినాడు సంతోషింపగలిగినచో, ఆ దుకాణదారుడు అమ్మునది మందు. బడి విడిచిన వేళకు అరకు దీపము వెలిగించి, కొత్త పరిమళము వచ్చినదని అద్దమునకు కాగితము అంటించినచో, అదే బుడ్డి, అదే ధర, విషవాణిజ్యము. మొదటి తీరున అమ్మిన అద్దె గడచునా? గడవకపోవచ్చును. ఈ మాట దాచి ధర్మము చెప్పుటలో ప్రయోజనము లేదు.

అతడు మానదలచినను మరొక చిక్కు మిగులును: అరలో ఉన్న సరకు. ఇకముందు తెప్పింపను, ఉన్నది మాత్రము అమ్ముకొందునని ఒక దారి. టోకు వ్యాపారికి తిరిగి ఇచ్చెదనని మరొకటి. కాని అది మరియొక దుకాణమునకు పోవును, చేయి మారునే గాని పని మారదు. భారతదేశములో 2019 లో చట్టము వచ్చినపుడు నిల్వలున్న వర్తకులు వానికి జాబితా వ్రాసి దగ్గరి పోలీసు స్టేషనులో అప్పగింపవలసి వచ్చినది. వారికి ఆలోచన అక్కరలేకపోయెను. అతనికి ఆ సదుపాయము లేదు. బ్యాటరీలను వేరుచేసి తిరుగుసేకరణ పెట్టెలో వేయవలెను. బుడ్లు అపాయకరమైన చెత్తగా ఇయ్యవలెను. కొన్న ధరను దీపావళి లెక్కలలో నష్టము క్రింద వ్రాయవలెను. ఆ పద్దునకు ఏ పేరు పెట్టవలెనో భార్యను, కుమారుని కూర్చుండబెట్టుకొని అతడు నిర్ణయించుకొనును.