విశ్వాసి బొమ్మలు గీయడం నేర్చుకోవచ్చా?



మన సంఘాల్లో "తలాంతు" అనే మాట తరచుగా వింటాం. పాడే అక్కకు తలాంతు ఉంది, కీబోర్డు వాయించే తమ్ముడికి తలాంతు ఉంది. ఈమధ్య సౌండ్ చూసుకునేవారిని కూడా ఆ లెక్కలోకి తీసుకుంటున్నాం. బొమ్మలు గీసే పిల్లకు మాత్రం వీబీఎస్ చార్టులప్పుడూ, క్రిస్మస్ స్టేజీకి నక్షత్రం కావలసివచ్చినప్పుడూ తప్ప ఆ మాట వర్తించదు. అదే పిల్ల పదహారో ఏట "నేను ఆర్ట్ చదువుతాను" అంటే ఇల్లంతా ఉపవాస ప్రార్థన మొదలవుతుంది.

నేను కంప్యూటర్స్‌లో మాస్టర్స్ చేసి, ఇక్కడ యూకేలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి. ముప్పై దాటాక, మంగళవారం సాయంత్రాలు మా ఊరి కాలేజీలో డ్రాయింగ్, కళాచరిత్ర క్లాసులకు వెళ్తున్నాను. ఆరాధన తర్వాత టీ తాగుతూ ఒక సహోదరుడు అడిగాడు: "దీనివల్ల ప్రయోజనం ఏంటి బ్రదర్?" ఆయన వెటకారానికి అడగలేదు. ఒక టర్ముకు నేను కట్టే ఫీజుతో స్వదేశంలో ఒక పల్లెటూరి సేవకుడి కుటుంబానికి కొన్ని నెలల బియ్యం వస్తాయి. కాబట్టి ఆ ప్రశ్నకు బరువుంది. దాన్ని నవ్వుతో దాటేయకూడదు.

ముందు విగ్రహాల సంగతి చూద్దాం, మనలో చాలామందికి మొదట గుర్తొచ్చేది అదే గనుక. రూపాలు చేసుకోవద్దన్న ఆజ్ఞ నిర్గమకాండము 20లో ఉంది. అదే గ్రంథం 31వ అధ్యాయంలో దేవుడు బెసలేలును పేరుపెట్టి పిలిచి, తన ఆత్మతో నింపానంటాడు. బెసలేలు ప్రవక్త కాడు, యాజకుడూ కాడు. బంగారం, వెండి, ఇత్తడి, రత్నాలు, కర్ర, వీటితో పనిచేసే చేతిపనివాడు. కెరూబులు చేశాడు. ప్రధాన యాజకుడి అంగీ అంచున దానిమ్మకాయలు కుట్టించాడు. పేజీ తిప్పితే 32వ అధ్యాయంలో అహరోను పోగర పట్టుకుని బంగారు దూడను చెక్కుతూ కనిపిస్తాడు. అదే బంగారం, అలాంటి పనిముట్లే. ఒకచోట విధేయత ఉంది, ఇంకోచోట జనం దేనికి మోకరిల్లాలా అని తొందరపడుతున్నారు. తప్పు పోగరలో ఉందని లేఖనం ఎక్కడా చెప్పదు.

ఈ దేశం కూడా ఈ ప్రశ్నతో పెనుగులాడింది. సంస్కరణ కాలంలో ఇంగ్లండ్ చర్చీల గోడల మీది బొమ్మలకు సున్నం కొట్టించారు. స్ట్రాట్‌ఫర్డ్‌లోని గిల్డ్ చాపెల్‌లో 1560ల మొదట్లో ఆ పని జరిగినప్పుడు ఊరి లెక్కలు చూసినవారిలో షేక్స్‌పియర్ తండ్రి జాన్ ఒకరు. వాళ్లను మూర్ఖులనను. జనం బొమ్మలకు దణ్ణాలు పెట్టడం వాళ్లు కళ్లారా చూసినవాళ్లు, మన తాతలు చూసినట్టే. అయితే తీర్పుదినం చిత్రం ఆ సున్నం కింద దాగి, తర్వాతి తరాలకు మళ్లీ బయటపడింది. చదువురాని రైతు దాన్ని చూసే దేవుని న్యాయాన్ని గురించి ఆలోచించి ఉంటాడు.

అన్యమత శిల్పాల గురించి చదవవచ్చా అని అడిగేవారు బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి గదికి వెళ్లండి. మన కృష్ణా ఒడ్డున బౌద్ధులు చెక్కిన సున్నపురాళ్లవి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి వాటిలో ఎక్కువ. ఒక పలకకు రెండువైపులా చెక్కడం ఉంది. పాత వైపున బోధివృక్షం కింద ఆసనం ఖాళీగా ఉంటుంది. గురువు కూర్చోవలసిన చోట మనిషి రూపం లేదు. చూపించరాని దాన్ని ఎలా చూపించాలన్న చిక్కు మన పూర్వీకుల ఉలికి కూడా తెలుసని అక్కడ నిలబడి అనుకున్నాను. అలా అనుకోవడం వల్ల నా విశ్వాసానికి నష్టమేమీ కనబడలేదు.

ఇక అసలు ప్రశ్న, ప్రయోజనం. 1854లో లండన్‌లో ఎఫ్.డి. మారిస్ అనే దైవవేత్త పనివాళ్ల కోసం వర్కింగ్ మెన్స్ కాలేజీ స్థాపించారు. అక్కడ జాన్ రస్కిన్ డ్రాయింగ్ నేర్పేవారు. వడ్రంగిని చిత్రకారుణ్ణి చేయడం తన ఉద్దేశం కాదనీ, వడ్రంగిగానే అతణ్ణి మరింత సంతోషంగా ఉంచడమనీ ఆయన చెప్పుకున్నారు. అంటే ఉద్యోగం మారాలని కాదు, చూపు మారాలని. మన రాజమండ్రికీ ఇలాంటి భాగ్యం దొరికింది. గవర్నమెంట్ ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు దామెర్ల రామారావునూ, అడివి బాపిరాజునూ బొమ్మల వైపు ప్రోత్సహించాడు. రామారావు బొంబాయి జె.జె. స్కూల్లో చదివి వచ్చి, 1925లో ఇరవై ఎనిమిదేళ్లయినా నిండకుండానే మశూచితో పోయాడు. ఆయన గీసినవి రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో ఇప్పటికీ ఉన్నాయి. జీతం లెక్క చూస్తే ఆ చదువు దండగే.

అయితే బియ్యం మాట? బేతనియలో ఆ స్త్రీ అత్తరుబుడ్డి పగలగొట్టినప్పుడు చుట్టూ ఉన్నవారు వేసిన లెక్క మనదే: మూడువందల దేనారాలకు అమ్మి బీదలకు ఇవ్వవచ్చు కదా. ప్రభువు ఆమె పక్షాన నిలబడ్డాడు. కానీ అదే నోట, బీదలు మీతోనే ఉంటారు, ఎప్పుడు కావాలన్నా మేలు చేయవచ్చు అని కూడా అన్నాడు. మొదటి సగం పట్టుకుని రెండోది వదిలేస్తే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. నేను పెట్టుకున్న హద్దు ఇది: ఈ ఫీజు ఊరికి పంపే డబ్బులోంచి రాకూడదు, నా మీద నేను పెట్టుకునే ఖర్చులోంచే రావాలి. అన్నట్టు, కొత్త ఫోన్ కొన్నవాణ్ణి దీనివల్ల ప్రయోజనం ఏంటని టీ దగ్గర ఎవరూ అడగరు.

క్లాసులో మొదటి నెల ఉల్లిపాయ గీశాం. రెండు గంటలు ఒక్క ఉల్లిపాయ. ఆఫీసులో రెండు గంటల్లో ఆరు టికెట్లు మూసేవాడికి అది శిక్షలాగే ఉంటుంది. గంట గడిచాక పొర మీద గీతలు ఒకదానివెంట ఒకటి వంగడం కనబడింది. అప్పటిదాకా నేను గీసింది ఉల్లిపాయను కాదు, నా తలలోని ఉల్లిపాయను. అడవిపువ్వులను చూడమని మత్తయి 6లో ప్రభువు చెప్పినప్పుడు గ్రీకులో వాడిన క్రియకు అర్థం బాగా గమనించి నేర్చుకోవడం. నడుస్తూ ఫొటో తీసుకోవడం కాదు. మనుషుల్ని కూడా ఇలాగే మన తలలో ఉన్న బొమ్మగా చూస్తామేమో. కొత్తగా వచ్చిన విద్యార్థిని, విడాకులైన అక్కను, వీసా పోయిన తమ్ముణ్ణి.

నగ్నంగా మోడల్ కూర్చునే క్లాసుల విషయంలో ఎవరి మనస్సాక్షిని వారు గౌరవించాలి. ముందే అడిగి తెలుసుకోండి. వస్తువులూ చెట్లూ గీసే క్లాసులు కావలసినన్ని ఉన్నాయి.

కళాచరిత్ర ఇంకో ఇబ్బందిని ముందు పెడుతుంది. నేషనల్ గ్యాలరీలో కరవాజ్జో 1601లో గీసిన ఎమ్మాయు భోజనం ఉంది. అంత భక్తిగా కనిపించే చిత్రాన్ని గీసినవాడే 1606లో ఒక మనిషిని చంపి రోమ్ విడిచి పారిపోయాడు. వరం ఉన్నంత మాత్రాన పరిశుద్ధత ఉన్నట్టు కాదు. ఇది స్టేజీ మీద మైకు పట్టుకునేవారి విషయంలోనూ మనం గుర్తుంచుకోవలసిన సంగతి. వేదిక మీది స్వరం చూసి మనిషిని నమ్మి నష్టపోయిన సంఘాలు మనకు తెలియనివా?

ఆ గ్యాలరీకి మామూలు ప్రవేశం ఉచితమే. లండన్ వైపు వచ్చినప్పుడు పిల్లల్ని తీసుకెళ్లండి. ఆ చిత్రం ఎదుట పావుగంట ఫోన్ తీయకుండా నిలబడండి. పళ్లబుట్ట బల్ల అంచు దాటి పడబోతున్నట్టుంటుంది. ప్రభువుకు గడ్డం లేదు. ఒక శిష్యుడు కుర్చీ పట్టుకుని లేవబోతున్నాడు, ఇంకొకడు చేతులు బారచాపాడు. ఆ గదిలో ఒక మనిషి మాత్రం ఆయన్ని ఇంకా గుర్తుపట్టలేదు. ఎవరో మీ పిల్లల్నే కనిపెట్టనివ్వండి.