సాహసవిచారము

మానవుడు కేవలము తన సంతోషమునకై ప్రాణమును అపాయమున నిడవచ్చునా? దేశముకొఱకు యుద్ధమునకు పోవువానిని, పరుల బిడ్డకొఱకు మంటలలో చొచ్చువానిని లోకము నిస్సంశయముగ కొనియాడును. ఎవ్వరికిని ఉపకారము లేని పనికై మృత్యువు చెంతకు పోవువానిని గూర్చి ఏమనవలయును? ఈ ప్రశ్నను మేమొక దృష్టాంతముతో విచారింపదలచితిమి.

ఆల్ప్సు పర్వతములలో రెండు రాతిగోడల నడుమ ఇఱుకుగా, నిడుపుగా దిగు మంచుదారులు కలవు. ఫ్రెంచివారు వానిని కూల్వారులందురు. మన మేడమెట్లు సామాన్యముగ 30, 35 డిగ్రీల వాలున నుండును. ఈ దారులలో కఠినమైనవి 45 మొదలు 55 డిగ్రీలవఱకు వాలియుండును. స్కీలనబడు పొడవైన పలకలను పాదములకు బిగించుకొని కొందఱు వీనివెంట దిగుదురు. ప్రతి మలుపునందును పైకెగిరి, పలకలను గాలిలోనే త్రిప్పి, మరల మంచుపై నిలువవలయును. పడినవాడు నడుమ ఆగుట అరుదు.

ఈ క్రీడకు వసంతము అనుకూలము. పగటియెండకు పైమంచు కరగును. రాత్రిచలికి మరల గట్టిపడును. దినదినము ఇట్లు జరుగగా మంచు రాతియుప్పువంటి ముతక పలుకులుగా మాఱును. తెల్లవాఱుజామున అది గాజువలె కఠినము. పలకకు పట్టు దొరకదు. ఎండ తగిలిన కొంతసేపటికి పైపొర మెత్తబడును. అదియే దిగుటకు తగిన వేళ. ఇంకను జాగుచేసినచో మంచు నీరుత్రాగి బరువెక్కి విఱిగి జాఱును. గోడలలో గడ్డకట్టియున్న రాళ్లు వదలి దొర్లును. కావున వీరు చీకటి యుండగనే బయలుదేఱి, పలకలను వీపున గట్టుకొని, బూట్లకు ఇనుపముండ్లు బిగించి, మంచుగొడ్డలి చేతబట్టి ఆ దారినే ఎక్కుదురు. ఎక్కుచు మంచును పరీక్షింతురు. రాత్రి మబ్బుపట్టి మంచు గట్టిపడకున్నను, ఎండ ముందే ముదిరినను, శిఖరము నూఱడుగుల దూరముననే యున్నను వెనుదిరుగవలయును.

ఇందు ఆనందమేమి యని చదువరు లడుగవచ్చును. మనము సగము మనసుతో భుజింతుము, సగము మనసుతో పనిచేయుదుము. అచ్చట మనసు సగమైన నిలుచుటకు చోటులేదు. ఆ సంపూర్ణమైన ఏకాగ్రతయే వారు కోరు సుఖమని మాకు తోచుచున్నది. అది నీచసుఖము కాదు.

ఐనను తీర్పు చెప్పుట ఎట్లు? లోకము ఫలమును జూచి చెప్పును. స్విట్జర్లాండు దేశీయుడగు సిల్వేన్ సోడాన్ 1967లో ఫ్రాన్సునందలి శామొనీ యొద్ద స్పెన్సరు కూల్వారును దిగెను. 1982లో కారకోరము పర్వతములలో 8,000 మీటర్లకు మించిన హిడెన్ పీకు శిఖరమునుండి దిగెను. 2024లో, 87 ఏండ్ల వయసున మరణించెను. దక్షిణ టిరోలు వాసియగు హైని హోల్జరు పొగగొట్టములు తుడిచి జీవించినవాడు. దిగబోవు దారిని ముందు తన కాళ్లతో ఎక్కవలయుననునది అతని నియమము. అట్టి నియమముతో ఎన్నో దారులు దిగి, 1977లో పీట్స్ రోజెగ్ పర్వతముపై పడి మరణించెను. బ్రదికినవాడు వివేకియనియు, మరణించినవాడు అవివేకియనియు అందుమా? అట్లనుట అన్యాయము. విఱిగిపడని మంచు "నీ లెక్క సరి" యని సాక్ష్య మీయదు. అది తప్పులెక్క వేసినవానిని పదిమాఱులు దాటనిచ్చును. అతడు దానిని తన నేర్పని భ్రమించి పదునొకండవమాఱు పోవును. కావున పనియొక్క మంచిచెడ్డలను ఫలమునుబట్టి కాక, చేయునప్పుడు కర్తకు తెలిసినదానినిబట్టియు, తెలిసికొనుటకు అతడు పడిన శ్రమనుబట్టియు నిర్ణయింపవలయును.

సాహసమను మాటయందే ఈ వివేచన ఇమిడియున్నది. కౌటిల్యుని అర్థశాస్త్రమున సాహసమనగా బలాత్కారముగ చేయు దౌర్జన్యము, దండింపదగిన నేరము. నేటి తెలుగున అది మెచ్చుకోలు. రెండర్థములును నిజమే యని మా యభిప్రాయము. వెనుదిరుగగలవాని తెగువ మెచ్చదగినది. తాను పడిన శ్రమ వ్యర్థమగునను చింతచేతనో, నలుగురు నవ్వుదురను సిగ్గుచేతనో వెనుదిరుగలేనివాని తెగువ తనపై తాను చేసికొను బలాత్కారము.

బలమైన ఆక్షేపణ ఇంకొకటి కలదు. ఒకని ప్రాణము ఒక్కనిదేనా? 1956 డిసెంబరులో ఇద్దఱు యువ పర్వతారోహకులు మాంబ్లాంపై చిక్కుకొనిరి. వారికై పోయిన హెలికాప్టరు మంచుపై కూలెను, రక్షింపబోయినవారినే రక్షింపవలసివచ్చెను, యువకు లిద్దఱును దక్కలేదు. ఆ దుఃఖము పిదప 1958లో శామొనీలో పర్వతరక్షణకై ప్రత్యేకదళ మేర్పడినది. వారు స్కీలపై దిగినవారు కాకున్నను న్యాయ మొక్కటియే. ఆపదలో చిక్కినవాడు పిలిచినను పిలువకున్నను ఎవరో ఒకరు పోకమానరు. ఆ పోవువారి యింటను బిడ్డలుందురు. తన సుఖమునకు తానొక్కడే వెల యిచ్చుచున్నాననువాడు లెక్క తెలియనివాడు. ఇంటివారికి అపాయమును దాచి పోవువాడు వారి సొత్తును వారెఱుగకుండ పందెమొడ్డువాడు. నిజము చెప్పి, జాగ్రత్తలన్నియు తీసికొని పోవువాడు ఋణవిముక్తుడు కాడుగాని వంచకుడు కాడు.

ఇది దూరదేశపు ముచ్చట యని త్రోసివేయరాదు. నేడు మన బిడ్డలెందఱో మంచు కురియు దేశములలో చదువుచున్నారు, ఉద్యోగములు చేయుచున్నారు. సెలవుదినములలో స్కీలు కట్టువారును కలరు. మన యిండ్లలో వలదనుట సులభము. భయమునే వినయమని నేర్పిన యింట బిడ్డలు సాహసము మానరు, చెప్పుట మానుదురు. కావున తల్లిదండ్రులు వలదనుటకు ముందు, "ఏమి చూచినచో వెనుదిరుగుదువు?" అని యడుగవలయును. దీనికి ముందే ఆలోచించి నిర్ణయించుకొన్న సమాధానము గలవానిని కొండకైనను పోనీయవచ్చును. లేనివానిని ఈతకై ఊరిచెఱువునకును పంపరాదు.