నలభై రెండు రోజుల గీత

మా పిన్ని తొలి కాన్పుకి పుట్టింటికొచ్చి, బిడ్డకి రెండో నెల నడుస్తుండగా పోయింది. ఏమైందని ఎవరడిగినా అమ్మమ్మ "జ్వరం" అనేది. కాన్పు మాట ఎత్తేది కాదు. చాలా ఏళ్ళ తర్వాత మాతృమరణాల లెక్కలు చదువుతుంటే, పిన్నిది మాతృమరణమా కాదా అన్నది కొన్ని రోజుల తేడా మీద ఆధారపడి ఉందని తెలిసింది.

గర్భంతో ఉండగా గానీ, కాన్పో గర్భస్రావమో అయిన 42 రోజుల లోపు గానీ, దానికి సంబంధించిన కారణంతో పోతేనే మాతృమరణం. ఆ తర్వాత ఏడాదిలోపు పోతే 'ఆలస్య మాతృమరణం'. మనం వార్తల్లో చూసే నిష్పత్తిలో అది కలవదు.

ఆ నిష్పత్తి మనకి శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ నుంచి వస్తుంది. ఎంపిక చేసిన ఊళ్ళలో, పట్టణాల్లో ఒకరు జనన మరణాలు రాస్తూ ఉంటారు. ఆర్నెల్లకోసారి మరొకరు విడిగా సర్వే చేస్తారు. రెండూ సరిచూస్తారు. చావుకి కారణం ఇంట్లోవాళ్ళని అడిగి తేలుస్తారు. 2018-20లో లక్ష సజీవ జననాలకి దేశంలో 97, తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. ఘటన అరుదు కాబట్టే మూడేళ్ళవి కలిపి లెక్కిస్తారు. అంత చేసినా అది అటూ ఇటూ ఊగే అంచనాయే. 43కీ 45కీ మధ్య తేడా చూపించి రెండు రాష్ట్రాలవాళ్ళం పోట్లాడుకోవడంలో అర్థం లేదు.

శాంపిల్ వల్ల వచ్చే తప్పు ఎటైనా పోవచ్చు. ఇంటివాళ్ళ మౌనం వల్ల వచ్చే తప్పు మాత్రం ఒకవైపే పోతుంది. పెళ్ళికాని పిల్ల గర్భస్రావమై పోతే 'కడుపునొప్పి' అంటారు.

అలాగని ఎక్కువ లెక్కించడమూ న్యాయం కాదు. అమెరికాలో 2003 నుంచి మరణ ధ్రువపత్రంలో గర్భం గురించి ఒక గడి చేర్చారు. పొరపాటు టిక్కుల వల్ల 85 దాటిన ముసలమ్మలు కూడా గర్భిణులుగా నమోదయ్యారు. కొన్నేళ్ళపాటు జాతీయ నిష్పత్తి ప్రకటించడమే ఆపేశారు.

గీత ఎక్కడో గీయాలి, ఒప్పుకుంటాను. లేకపోతే నిన్నటితో ఇవాళని పోల్చలేం. కానీ ఆ గీత మనం గీసిందే. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భిణుల, బాలింతల ఆత్మహత్యల్ని ప్రత్యక్ష మాతృమరణాలుగా లెక్కించమంది. చనిపోయినవాళ్ళు అలాంటివాళ్ళే. ఆ చావులకి బాధ్యత ఎవరిదన్న మన అభిప్రాయం మారింది.

పోయినసారి ఊరెళ్ళినప్పుడు అమ్మమ్మని అడిగాను, పిన్ని ఎన్నో రోజున పోయిందని.

"ఇరవై ఒకటో రోజు బారసాల చేశాం. ఆ తర్వాత సరిగ్గా నెలకి."

అంటే 51. గీతకి అవతల.

కాసేపాగి తనే అంది. "బారసాలనాడే ఒళ్ళు కాలిపోతోందే. చుట్టాలున్నారని నేనే పడుకోనివ్వలేదు."

ఇన్నేళ్ళూ 'జ్వరం' అన్న ఒక్కమాట వెనక ఆమె మోసింది ఇదన్నమాట. సర్వేకి ఎవరైనా వచ్చి అడిగుంటే మాత్రం ఎలా చెప్తుంది? తప్పెవరిదని వెతికే కళ్ళతో అడిగితే ఎవరూ చెప్పరు. చెప్పకపోతే లెక్క తేలదు, తేలకపోతే ఇంకో ఇంట్లో ఇంకో పిల్లని జ్వరంతో పీట మీద కూర్చోబెడతారు.

ఆ రోజు నేనింకేం అడగలేదు. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.