చెల్లు వ్రాసిన కాగితము



ఇంటికొరకో, పిల్లల చదువుకొరకో, ఆసుపత్రి ఖర్చుకొరకో అప్పు చేసి నెలనెలా వాయిదాలు కట్టుచున్న కుటుంబములు మన సంఘములలో అనేకములు. కట్టుట కష్టమే. అయితే కట్టి ముగించిన తరువాత మరియొక కష్టమున్నది. ఆఖరి వాయిదా చెల్లించితిమి, రసీదు చేతికి వచ్చినది. కాని ఖాతా మూసినట్లు ఉత్తరము రాలేదు, తాకట్టు పెట్టిన దస్తావేజులు తిరిగి రాలేదు. బాకీ తీరినది గాని మనస్సుకు విడుదల లేదు. ఈ మధ్యకాలములో మనము ఎట్లు నడుచుకొనవలెను?

మొదటిది, కాగితము అడుగవలెను. యిర్మీయా 32వ అధ్యాయము చూడుడి. బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడించియున్నది. ప్రవక్త చెరసాల ఆవరణములో ఉన్నాడు. అట్టి సమయమున అతడు అనాతోతులోని పొలమును 17 తులముల వెండికి కొనెను. సొమ్ము తూచి ఇచ్చి, మిగిలినది దేవుడు చూచుకొనునని ఊరకుండలేదు. పత్రము వ్రాసి ముద్ర వేసెను, సాక్షులను పెట్టెను, బారూకును పిలిచి ఆ పత్రములను మంటికుండలో దాచుమనెను. కాగితము అడుగుట అవిశ్వాసము కాదు.

మన దేశములోను ఇందుకు నియమము కలదు. 2023 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తరువు ప్రకారము, అప్పు పూర్తిగా తీరిన 30 దినములలో బ్యాంకు అసలు దస్తావేజులు తిరిగి ఇచ్చి, ఆస్తిమీద నమోదైన తాకట్టును తీసివేయించవలెను. తప్పు బ్యాంకుదైతే, ఆలస్యమైన ప్రతి దినమునకు 5,000 రూపాయలు పరిహారమియ్యవలెను. 2023 డిసెంబరు 1 నుండి ఇది అమలులో ఉన్నది. అప్పు తీసికొన్నవారు మరణించినయెడల వారసులకు దస్తావేజులిచ్చు పద్ధతి కూడ బ్యాంకు ఏర్పరచియుండవలెను. కావున అర్జీ వ్రాతపూర్వకముగా ఇచ్చి, నకలుమీద బ్యాంకు ముద్ర వేయించుకొనుడి. కన్నడములోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఉన్న కాగితమును చదువలేని పెద్దలు, విధవరాండ్రు మన మధ్య ఉన్నారు. యౌవనస్థులు వారితో బ్యాంకుకు వెళ్లుట కూడ పరిచర్యయే.

రెండవది, కనిపెట్టు దినములలో యథార్థముగా ఉండవలెను. ఎలీషా ఆ విధవరాలితో మొదట నూనె అమ్మి అప్పు తీర్చుమనియు, తరువాత మిగిలినదానితో బ్రదుకుమనియు చెప్పెను. వాయిదా సొమ్ము మిగిలినదని, ఉత్తరము రాకముందే క్రొత్త అప్పునకు చేయి చాపకుడి. బ్యాంకుతో రాజీపడి తగ్గింపుతో కట్టినవారికి సిబిల్ రికార్డులో ‘క్లోజ్‌డ్’ అని కాక ‘సెటిల్‌డ్’ అని పడుట కలదు. అది జరిగిన సంగతియే గనుక దాచనక్కరలేదు, సిగ్గుపడి ఆరాధన మాననక్కరలేదు. స్తోమత కలిగినప్పుడు మిగిలినది కూడ కట్టెదమని బ్యాంకును అడుగవచ్చును.

మూడవది మనలో అప్పు ఇచ్చినవారికి. బ్యాంకు ఆలస్యము చేసినదని మనము నొచ్చుకొనుచున్నాము. మన బీరువాలలో ఎవరి నోట్లు ఉన్నవి? సొమ్మంతయు ముట్టినను వెనుక చెల్లు వ్రాయక, నోటు తిరిగి ఇయ్యక, ‘తరువాత చూతములే’ అని ఉంచుకొన్నవి లేవా? ఇచ్చినవాడు అడుగుటకు జంకును. వాడు చనిపోయినయెడల ఆ నోటు వాని పిల్లల మెడకు చుట్టుకొనును. ఒకే బల్లమీద కూర్చుండి పాడుచున్న ఇద్దరిలో ఒకని గుండెలో ఆ భయముండుట మనకు తగునా?

కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయము 14వ వచనము చదువుడి. మనకు విరోధముగా నున్న ఋణపత్రమును దేవుడు ఏ పెట్టెలోను దాచిపెట్టుకొనలేదు. అందరు చూచునట్లు సిలువకు మేకులతో కొట్టి, దానిని అడ్డము లేకుండ తీసివేసెను. ఆ ఖాతా విషయములో మనము ఏ ఉత్తరముకొరకును ఎదురుచూడనక్కరలేదు. అంత పెద్ద పత్రము కొట్టివేయబడినవారమైయుండి, తీరిపోయిన చిన్న నోటును ఎట్లు పట్టుకొని యుందుము?

కాబట్టి, రాబోవు ప్రభురాత్రి భోజన సంస్కారమునకు ముందుగా మన బీరువాలు తెరచి చూచుకొందము. తీరినవాటిమీద చెల్లు వ్రాసి, ఎవరివి వారి చేతికి ఇత్తము. కనిపెట్టుచున్నవారికి ప్రభువు ఓర్పును, త్వరలో విడుదలను దయచేయును గాక. ఆమేన్.