మేతలో ఏముందో ఎవరు అడగాలి?

కోడిమాంసం హలాలా అని అడిగితే మనలో చాలామంది చూసేది ఒక్కటే: అల్లాహ్ పేరు పలికి జిబహ్ చేశారా, లేదా? అది తప్పనిసరి. అయితే దివ్యఖుర్ఆన్ (2:168) ఆహారం విషయంలో హలాల్‌తోపాటు ‘తయ్యిబ్’ అన్న మాటనూ చెప్పింది. తయ్యిబ్ అంటే పరిశుద్ధమైనది, మేలైనది. కోడి బతికిన ఆ కొద్ది వారాల గురించి మనల్ని ఆలోచింపజేసేది ఈ రెండో మాటే.

బ్రాయిలర్ కోడి త్వరగా బరువెక్కాలని మేతలో యాంటీబయాటిక్‌లను కొద్దికొద్దిగా కలపడం దశాబ్దాలుగా సాగిన అలవాటు. జబ్బు లేకపోయినా మందే! ఆ కొద్ది మోతాదుకు బలహీనమైన క్రిములు చచ్చి, తట్టుకున్నవి మిగిలి వృద్ధి చెందుతాయి. రెట్ట, నీరు, మాంసం ద్వారా మనుషులను చేరతాయి. ఆసుపత్రుల్లో చివరి అస్త్రంగా వాడే కొలిస్టిన్ కూడా కోళ్ళ మేతలోకి వెళ్ళింది. 2019 జూలైలో భారత ప్రభుత్వం కోళ్ళకు, ఇతర ఆహార జంతువులకు దాన్ని నిషేధించింది. పెరుగుదల కోసం యాంటీబయాటిక్‌లు కలపడాన్ని స్వీడన్ 1986లోనే, యూరోపియన్ యూనియన్ 2006లో ఆపేశాయి.

ఇందులో నష్టపోయేది కోడి తిన్నవాడొక్కడే కాదు. మాంసం ముట్టని పొరుగువాడి బిడ్డకు సైతం రేపు మందు పనిచేయకపోవచ్చు. ఎవరికీ హాని చేయరాదన్న దైవప్రవక్త (స) బోధన కోళ్ళ షెడ్డు గుమ్మం దగ్గర ఆగిపోతుందా?

అశుద్ధం తినే పశువు (జల్లాలా) మాంసాన్ని ఆయన వారించారు. అలాంటి కోడిని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) మూడు రోజులు కట్టి ఉంచి, ఆ తర్వాతే తినేవారని ఉల్లేఖనం ఉంది. అంటే మేతను బట్టి మాంసాన్ని విచారించడం మనకు కొత్త కాదు.

మరి ప్రత్యామ్నాయం? వెల్లుల్లి, పసుపు, వాములోని థైమాల్, కలోంజీ వంటివి మేతలో కలిపి చూస్తున్నారు. కొన్ని క్రిములను అణచే గుణం వీటికుంది. ఫలితాలు మాత్రం అన్నిచోట్లా ఒకేలా లేవు. మోతాదు, షెడ్డు శుభ్రత, గాలి, టీకాలు కలిస్తేనే ప్రయోజనం. కలోంజీ అనగానే మనవారికి హదీసు గుర్తొస్తుంది, సంతోషమే. కానీ కోడికి ఎంత పెట్టాలన్నది పరీక్షించి తేల్చుకోవలసిందే. అలాగే ‘మందు లేని కోడి’ అన్న పేరు కోసం జబ్బుపడ్డ కోళ్ళకు వైద్యం ఆపడం కూడా దౌర్జన్యమే. వైద్యం చేయించి, మందు ప్రభావం పోయే గడువు దాటాకే అమ్మాలి.

కాంట్రాక్టు రైతుకు మేత కంపెనీ నుంచే వస్తుంది. సంచిలో ఏముందో అతనికే తెలియకపోవచ్చు. కనుక బాధ్యత ముందుగా మేత తయారుచేసేవాడిది. పైన ‘హెర్బల్’ అని రాసి లోపల మందు కలిపేవాడు, తడిసిన ధాన్యాన్ని రాశి అడుగున దాచి ప్రవక్త (స) చేత మందలింపు పొందిన వర్తకుని కోవలోకే వస్తాడు. ఇక ఖర్చు పెట్టి శుభ్రంగా పెంచిన రైతు కిలోకు పది రూపాయలు ఎక్కువ అడిగితే, బేరమాడి పక్క దుకాణానికి పోయేది మనమే.