కొండ కింద కర్ర: గోవర్ధనగిరి, రెండు స్ప్రింగ్‌లు



ఈ వారం వీడియోలో గోవర్ధనగిరి కథ చెప్పుకున్నాం కదా. కృష్ణుడు ఏడు రోజులు కొండను ఎత్తి పట్టుకుంటే, గోపాలురు తమ కర్రలు కూడా కింద ఆనించారని ఇళ్లలో పెద్దవాళ్లు చెబుతారు. చిన్నప్పుడు నాకు నవ్వొచ్చేది. మోసేది ఆయనైతే వీళ్ల కర్రలెందుకు? జవాబు ఫిజిక్స్‌లో దొరికింది.

10 న్యూటన్లు, అంటే దాదాపు కిలో బరువు వేలాడదీస్తే 10 సెం.మీ. సాగే స్ప్రింగ్‌లు రెండు తీసుకోండి. ఒకదాని కింద ఒకటి తగిలిస్తే అది సిరీస్. పంచుకున్నట్టు కనిపిస్తుంది గానీ, ఒక్కోదాని మీదా పూర్తి 10 న్యూటన్లు పడతాయి. మొత్తం సాగేది 20 సెం.మీ. రెండూ పక్కపక్కన పెట్టి ఒకే బరువుకి కలిపితే ప్యారలల్. ఒక్కోదానికి 5 న్యూటన్లే, సాగేది 5 సెం.మీ.

నాన్నకి ఆపరేషన్ అయినప్పుడు మా ఇంట్లో నడిచింది సిరీసే. అమ్మ తన భయం అక్కకి చెప్పేది, అక్క నాకు ఫోన్ చేసేది, నాకు నిద్ర పట్టేది కాదు. ముగ్గురం పూర్తి బరువూ మోశాం, ఎవరిదీ తగ్గలేదు. ఆసుపత్రిలో రాత్రులు మాత్రం అక్క ఒక్కతే.

మరి పక్కన నిలబడితే సమానంగా మొయ్యాలా? అక్కర్లేదు. ఒక స్ప్రింగ్ మూడు రెట్లు గట్టిదైతే 7.5 న్యూటన్లు అదే మోస్తుంది, మెత్తనిది 2.5. అయినా రెండూ సాగేది ఒకే అంత. మెత్తనిది తీసేస్తే గట్టిదాని మీద మొత్తం పదీ పడతాయి. కృష్ణుడికి కర్రలు అక్కర్లేకపోవచ్చు. మన ఇళ్లలో కొండ మోసేది అలసిపోయే మనిషి.

ఇంకో మెలిక ఉంది. రెండో స్ప్రింగ్‌ని పొడుగ్గా, వదులుగా తగిలిస్తే, మొదటిది అంత దూరం సాగేదాకా అది ఏమీ మొయ్యదు. "ఏదైనా అవసరమైతే చెప్పక్కా" అన్నాను నేను. మంచి మాటే అనుకున్నాను. కానీ అక్క పూర్తిగా సాగిపోయి అడిగేదాకా నా వంతు మొదలే కాదని దాని అర్థం.

అందుకే ఈసారి అడగలేదు. శనివారం రాత్రులు నాన్న దగ్గర నేనుంటానని చెప్పి బస్సెక్కాను. ఏడు రాత్రుల్లో ఒకటే, చిన్న కర్రే. కానీ ఆ ఒక్క రాత్రీ అక్క నిద్రపోయింది.

మీ ఇంట్లో కొండ ఎవరి వేలి మీద ఉందో ఒకసారి చూడండి.

జై శ్రీకృష్ణ!